ఈ సీజన్‌లో ఆవిడకు నప్పేది

"మోకాళ్ళ కిందికి ఉండాలండీ. ఇప్పుడు అందరూ వేసుకుంటున్నదే ఇవ్వండి. పాత ఫ్యాషన్ తీసుకెళ్ళానంటే మా ఆవిడ మొహాన కొడుతుంది," అన్నాడు పెద్దాయన, పొద్దున్నే వచ్చి కూర్చున్న కుర్చీలో సర్దుకుంటూ.

బొమ్మలక్క నోట్లో గుండుసూదులున్నాయి. అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మకు వానాకాలం బట్టలు విప్పి, చలికాలం బట్టలు తొడుగుతోంది. ఆ ఆడవాళ్ళ బట్టల షాపులో ఆమె ముఖ్యమైన పని అదే. పేరు కూడా అలా వచ్చిందే. కొత్త గౌను బొమ్మకు బాగా వదులైంది. వెనక గుప్పెడు గుడ్డ లాగిపట్టి సూదులు గుచ్చింది. వీధిలోంచి చూసేవాళ్ళకు కొలిచి కుట్టినట్టే ఉంటుంది. వెనక సంగతి ఎవరిక్కావాలి?

"చలికాలానికేనా?" అంది, ఆఖరి సూది గుచ్చేశాక.

"అవునండీ. చలి మొదలైందంటే ఆవిడ ఊరుకోదు. కొత్తది ఏదో ఒకటి తొడుక్కోవాల్సిందే."

"ఈసారి అన్నీ ముదురు రంగులే. మట్టిరంగు, వంకాయరంగు, ముదురాకుపచ్చ. చేతులు బాగా వదులుగా వస్తున్నాయి, అందుకని నడుం దగ్గర బెల్టు బిగించాలి. లేకపోతే బస్తా తొడుక్కున్నట్టుంటుంది. పొట్టివాళ్ళు పైనుంచి కిందిదాకా ఒకే రంగు వేసుకుంటే పొడుగ్గా కనిపిస్తారు. శాలువా రెండు భుజాల మీదా కప్పుకోకూడదు. ఒక పక్కనే వదిలి, కొస బెల్టులో దోపాలి."

గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పొద్దుటినుంచి ఎంతమందికి అప్పజెప్పిందో ఆ పాఠం.

కౌంటరు దగ్గరున్న యజమానురాలు తలెత్తింది. "ఇవాళ కూడానా?" అంది మెల్లగా.

"ఇవాళ కూడా."

"సరే, ఇచ్చెయ్. రేపు పొద్దున్న మళ్ళీ హ్యాంగరుకు తగిలిద్దువుగాని."

ఆయన మాటలు విన్న కొత్తలో బొమ్మలక్కకు ఏడుపొచ్చేది. తర్వాత కొన్నాళ్ళు కోపమొచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు. తిమ్మిరెక్కిన కాలులా అయిపోయింది లోపలంతా, గిల్లినా తెలియదు.

"సైజు?" అంది.

"ఇంచుమించు మీ అంతే." ఆయన తల వంచి పరీక్షగా చూశాడు. "ఉహుఁ, మీకంటే సన్నం. జడ ఇదిగో, ఇక్కడిదాకా." తన నడుం చూపించాడు. "అలిగి వెళ్ళిపోయిందండీ. ఇల్లంతా వెతికాను. ఇది చూస్తే తిరిగొస్తుంది. రాదంటారా?"

"వస్తుంది లెండి."

ఆయన చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. బొమ్మలక్క దగ్గరికి వెళ్ళి, అడగకుండానే రెండు గుండీలు విప్పింది. పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"ఏంటండీ ఇది! మా ఆవిడ చూసిందంటే మనిద్దరి పనీ అయిపోతుంది."

యజమానురాలు మొహం అటు తిప్పుకుంది. బొమ్మలక్క గుండీలన్నీ సరిగ్గా పెట్టే ఇవతలికి వచ్చింది. ముదురాకుపచ్చ గౌను తీసి బల్లమీద పరిచింది. రోజూ అడగని మాట ఇవాళెందుకో నోటికొచ్చింది.

"ఎందుకు అలిగింది?"

"ఎందుకేమిటండీ, తప్పు నాదే. కొత్త బట్టలు వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడేది. నేను పేపర్లోంచి తల ఎత్తితేగా! 'నేనేం వేసుకున్నానో ఒక్కరోజైనా చూశారా' అని అడిగేసింది."

"చూశారా మరి?"

"చూడకేం? పేపరు అంచు మీంచి చూసేవాణ్ణి. తెల్లచుక్కల నీలం గౌనొకటి ఉండేది. మెడ దగ్గర గుండీ ఊడితే, నీలం దారం దొరక్క ఎర్రదారంతో కుట్టేసుకుంది. పసుపు శాలువా కప్పుకున్న రోజైతే నేను పేపరు తలకిందులుగా పట్టుకున్నా. ఆవిడ గమనించలేదు కాబట్టి బతికిపోయా."

"చెప్పలేదేం?"

"చెబితే నెత్తికెక్కి కూర్చుంటుందని."

ఇన్నాళ్ళలో ఈ ముక్క ఆయన చెప్పడం ఇదే మొదలు. బొమ్మలక్కకు ఏదో ఒకటి అనిపించి ఉండాల్సింది. ఏమీ అనిపించలేదు. గౌనుకు బెల్టు తగిలించబోయి మాత్రం రెండుసార్లు తప్పు రంధ్రంలో పెట్టింది.

"ఒక్కసారి మీ మీద పెట్టి చూపిస్తారా?" అన్నాడు పెద్దాయన.

ఆమె గౌను భుజాల దగ్గర పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన చాలాసేపు చూశాడు. చేతిలో పేపరు లేదు.

"చాలా బాగుంది," అన్నాడు. "మా ఆవిడకి."

ఆమె గౌను మడత పెట్టి సంచీలో వేసింది. యజమానురాలు దీపాలు ఆర్పుతూ, "వెళ్ళక్కా, షట్టరు నేను దించుకుంటా," అంది.

"నేనూ అటే వెళ్తున్నాను, రండి," అంది బొమ్మలక్క ఆయనతో.

"మీకెందుకండీ శ్రమ? మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."

"చూస్తూనే ఉన్నాడు లెండి."

వీధిలో చలిగాలి మొదలైంది. దారిపొడుగునా పెద్దాయన సంచీని గుండెలకు హత్తుకుని నడిచాడు, మలుపు తిరగాల్సిన ప్రతిచోటా ఆగి ఆమె వైపు చూశాడు. ఇల్లు రాగానే మాత్రం గుర్తుపట్టి గబగబా మెట్లెక్కాడు. కాలరు సవరించుకుని తలుపు తట్టాడు. లోపల దీపం లేదు. మళ్ళీ తట్టాడు.

"కోపం ఇంకా తగ్గినట్టు లేదు," అన్నాడు, కింది మెట్టు మీద నిలబడ్డ ఆమె వైపు తిరిగి. "మీరోసారి పిలిచి చూస్తారా? ఆడవాళ్ళు పిలిస్తే పలుకుతుందేమో."

"వస్తోంది, ఉండండి," అంటూ ఆయన భార్య తన సంచీలోంచి తాళంచెవి తీసింది.