ఉమ్మడి లక్ష్యం

సంపత్కుమార్ పరుగున వచ్చి, తను బస చేస్తున్న శకుంతలమ్మ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

“అమ్మా! పైవీధి మునిరామయ్య, కిందివీధి వరదయ్య ఒకే బల్ల మీద కూర్చోనుండారు. నా కండ్లతో చూసినాను!”

చేటలో బియ్యం ఏరుతున్న శకుంతలమ్మ తలెత్తలేదు. “కూర్చోనీ నాయనా. ఏడేండ్లుగా నిలబడే కొట్లాడినారు గదా.”

ఐరాల పక్కనున్న ఆ పల్లెలో రెండు వీధులకూ మాటల్లేవు. భారతం తిరునాళ్లలో అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే వంతు ఎవరిదన్న దగ్గర పుట్టిన తగవది. తిరుపతిలో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతున్న సంపత్, 1981 వేసవిలో ఏరికోరి ఆ ఊరికే వచ్చాడు. సముదాయ మనస్తత్వశాస్త్రం పేపరుకు నలభై రోజులు ఒక ఊళ్లో ఉండి, ఏదో ఒక మార్పు తెచ్చి చూపాలి. పోయినేడు ఆ పేపరు తప్పాడు. ఈసారీ తప్పితే చదువు మానిపించి గుడి ఆఫీసులో గుమాస్తాగా కూర్చోబెడతానని వాళ్ల నాయన తేల్చి చెప్పేశాడు.

విడిపోయినవాళ్లు కలవాలంటే ఇద్దరికీ కావలసిన పని ఒకటుండాలని పుస్తకంలో రాసి ఉంది. సంపత్ ఒళ్లు దాచుకోలేదు. తెల్లవారకముందే తలుపులు తట్టి ఇంటింటా నలభై ప్రశ్నల కాగితం పూర్తి చేయించాడు. పాలు పితికేవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని మీకు కోపం ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగాడు. అన్నం ముందున్నవాళ్లనూ వదల్లేదు. వాలీబాలు పెడితే ఎవరూ రాలేదు. ఇక ఊళ్లోకి బస్సు వేయించమని అందరూ కలిసి అర్జీ పెట్టండంటూ పది రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

అలాంటిది ఇవాళ ఆ రెండు తలలూ ఒకే కాగితం మీద వంగి ఉన్నాయి! ఆగలేక మళ్లీ అక్కడికే పరుగెత్తాడు. అతణ్ని చూడగానే వరదయ్య కాగితం మడిచి కవరులో పెట్టేశాడు.

“అర్జీనా, పెద్దాయనా?”

“అర్జీనే అబ్బయ్యా. నువ్వు చెప్పినట్టే ఇద్దురికీ కావాల్సిన పని ఒకటి దొరికింది,” అన్నాడు వరదయ్య.

“సంతకాలో?”

“నూటా పద్నాలుగు,” అన్నాడు మునిరామయ్య. “ఒక్కురు కాదన్లేదు. పాలమ్మే మునెమ్మయితే వేలిముద్ర రెండుసార్లు ఏసింది.”

వరదయ్య పకపకా నవ్వాడు. మునిరామయ్య అతని భుజం చరిచాడు. సంపత్ కవరు కోసం చెయ్యి చాచాడు.

“కలెక్టరాఫీసులో నేనే ఇచ్చొస్తాను!”

“వొద్దొద్దు,” అన్నాడు వరదయ్య. “ముందర మీ సారు సూడాల. కవరంటిస్తాను, ఆయన చేతికే ఇయ్యి. రేపే బయల్దేరు.”

“నాకింకా వారం ఉండాదే.”

“ఆలస్యం ఎందుకు!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఏడేళ్లలో వాళ్లు కలిసి పలికిన మొదటి మాట అదే. సంపత్ వెంటనే నోట్సులో రాసుకున్నాడు.

మర్నాడు రెండు వీధులవాళ్లూ కలగలిసి రోడ్డు దాకా వచ్చి సాగనంపారు. శకుంతలమ్మ పులిహోర మూట కట్టింది. మునెమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. వరదయ్య మామిడిపళ్ల బుట్ట బస్సులో పెడితే, ఇంకొంచెం లోపలికి జరపమని మునిరామయ్య చెప్పాడు. మలుపు తిరిగేదాకా వాళ్లు చేతులూపుతూనే ఉన్నారు. తనంటే ఇంత అభిమానమా అని సంపత్ దారి పొడుగునా కళ్లు తుడుచుకున్నాడు.

తిరుపతిలో దిగగానే ఇంటికైనా వెళ్లకుండా తన ప్రొఫెసరు దేవనాథన్ గదికి పరుగెత్తాడు. ఆయన కవరు చించి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

“ఇవి రెండు వీధుల సంతకాలేనా?”

“అవును సార్! పక్కపక్కనే చేసినారు!”

“అయితే కలిసినట్టే. పుస్తకంలో ఉన్నట్టే కలిశారు. నువ్వు పాసయ్యావు, పో.”

సంపత్ ఎగిరి గంతేశాడు. గుడి ఆఫీసు తప్పింది! ఈ మాట ఎప్పుడెప్పుడు నాయన చెవిన వేద్దామా అని కాళ్లు నిలవడం లేదు.

“వాళ్లడిగింది ఇస్తారా సార్?”

“ఇవ్వాల్సిందే,” అంటూ ఆయన నవ్వు ఆపుకుని కాగితం అతని వైపు తిప్పాడు.

‘అయ్యా, ఈ అబ్బయ్యను మళ్లీ మా ఊరికి పంపవద్దు.’