బంగారురాజు ఆఖరి ప్లేటు

నరసింగరావు రేడియో రిపేరు షాపులో ఆ మధ్యాహ్నం కూడా అదే గొడవ.

"బంగారురాజు ఇచ్చిన ప్లేట్లన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు," అన్నాడు నరసింగరావు, నల్లటి గ్రామఫోను ప్లేటును పంచె చెంగుతో తుడుస్తూ.

"ఆయన పరువు తీసిన ప్లేటురా అది," అన్నాడు జగన్నాధం.

జగన్నాధం విజయనగరం కోర్టులో గుమాస్తా. స్నేహితులిద్దరూ కుర్రతనం నుంచీ బంగారురాజు నాటకాలంటే పడిచచ్చేవారు. ఆయన ఆడవేషం కట్టి పద్యం ఎత్తుకుంటే గజపతినగరం నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు జనం.

ఇప్పుడాయన లేడు. జనం ట్రాన్సిస్టర్లు కొనుక్కుని నాటకాలు మరిచిపోయారు. పోయేముందు మద్రాసు వెళ్లి ఆయన ఇచ్చిన ఆఖరి ప్లేటునైతే అప్పట్లోనే ఎవరూ కొనలేదు. కంపెనీవాళ్లు కాసిని వేసి ఊరుకున్నారు.

ఏరు పొంగి బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఒడ్డున కూర్చుని పాడే పాట అది.

"సివర్న ఆ రాగం విను. వయసులో ఉన్నప్పుడైనా ఆయన అంత పైకి ఎల్లేడా?" అన్నాడు నరసింగరావు.

"అదే నేననేది. ఎల్లలేడు. ముసలితనంలో గొంతు నొక్కిపెట్టి సన్నం చేసేడు. దొంగ ఏడుపు."

"నీకు చెవులున్నాయేట్రా అసలు?"

గుమ్మంలో ఎవరో దగ్గారు.

ఒక నడివయసు రైతు. అతని వెనక, మెడకి తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి.

"బాబూ, బంగారురాజుగారి ఏటొడ్డు పాట మీకాడ ఉన్నాదంట."

"ఉంది. అమ్మను," అన్నాడు నరసింగరావు.

"కొనడానికి కాదు బాబూ. ఒక్కపాలి ఏసి ఇనిపించండి. నన్ను అసిరయ్యంటారు. ఇది మా ఇంటిది, తాయారు. ఒంట్లో బాగోదు. రేపు పొద్దున్నే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో సేరాల. ఎల్లేలోగా ఆ పాట ఇనాలని దీని కోరిక. ఎంతమందినో అడిగేము. ఎవరికాడా లేదు."

తాయారు ఒక అడుగు లోపలికి వేసింది. చూపంతా ప్లేటు మీదే ఉంది.

"సూసేవా?" అన్నాడు నరసింగరావు స్నేహితుడితో. "ఈ పాట కోసం ఎక్కణ్ణించి వచ్చేరో."

గ్రామఫోను పెట్టెకి కీ ఇచ్చి ముల్లు పెట్టాడు. కాసేపు గరగర. తర్వాత హార్మోనియం. దాని వెనకే గొంతు.

కూర్చోమన్నా తాయారు కూర్చోలేదు. గోడకి ఆనుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని నిలబడింది.

పాట సగంలో ఉండగా జగన్నాధం లేచి ముల్లు ఎత్తేశాడు.

"ఇక్కడ. ఈ మాట దగ్గర గొంతు వణికింది, విన్నావా? బంగారురాజు గొంతు ఏనాడైనా వణికిందా?"

"ఆ వణుకులోనే ఉందిరా గొప్పంతా."

"బాబూ, సివరిదాకా పోనియ్యండి," అన్నాడు అసిరయ్య.

"ఉండవయ్యా," అన్నాడు జగన్నాధం.

నరసింగరావు మళ్లీ మొదట్నించీ వేశాడు. ఈసారి తనే మధ్యలో ఆపాడు. ఆ వణుకు ఎందుకు గొప్పదో చెప్పడం మొదలుపెట్టాడు. జగన్నాధం ఊరుకోలేదు. మాటకి మాట పెరిగింది.

తాయారు చేతులు జోడించింది. వాళ్లు చూడలేదు.

"దండం పెడతాను బాబూ," అన్నాడు అసిరయ్య. "రైలుబండికి ఏళైపోతన్నాది. ఆ సివర్నున్న కాసింతా ఇనిపించండి."

"తరవాత బండికి ఎల్దురులే," అన్నాడు నరసింగరావు.

"ఈ బండి తప్పితే ఆసుపత్రిలో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారంట బాబూ."

వాళ్లిద్దరూ అప్పటికే మళ్లీ వాదనలో పడ్డారు.

అసిరయ్య కాసేపు చూశాడు. తర్వాత భార్య భుజం మీద చెయ్యి వేసి స్టేషను వైపు నడిపించుకుపోయాడు. వీధి మలుపు దాకా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది.

"ఇలాటి ప్లేటు దాచుకోవడం ఆయనకి అవమానం," అని జగన్నాధం పెట్టె మీంచి ప్లేటు లాగాడు. నరసింగరావు అడ్డుపడి అటు అంచు పట్టుకున్నాడు.

గచ్చు మీద పడి ప్లేటు ముక్కలైంది.

జగన్నాధం కింద కూర్చుని ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు, అతుక్కుంటాయేమోనన్నట్టు.

వానలు వెలిశాక అసిరయ్య మళ్లీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"మీ ఇంటావిడకి ఎలాగుంది?" అని అడిగాడు నరసింగరావు.

"పేణం నిలబడ్డాది బాబూ. గొంతులో పుండంట. కోసి తీసేసేరు. ఇంక ఈ జన్మకి మాట రాదన్నారు." అతను గుమ్మంలోంచి లోపలికి రాలేదు. "గోడేపు తిరిగి పడుకుంటాది. గంజి పోసినా మింగదు. ఆ ప్లేటు మాకిచ్చియ్యండి బాబూ. దూడతో ఆవుని తోలుకొచ్చి మీ వాకిట్లో కట్టేస్తాను."

నరసింగరావు తల వంచుకున్నాడు. జగన్నాధం బల్ల సొరుగులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు.

ముక్కల్ని చూసి అసిరయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అలాగైపోకయ్యా," అన్నాడు నరసింగరావు. "బంగారురాజువి నా దగ్గర ఇంకా బోలెడు ప్లేట్లున్నాయి. దీనికంటే పేరున్నవి. అన్నీ పట్టుకెళ్లు. ఊరికే ఇస్తాను."

అసిరయ్య పొట్లాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా ఇంటిది ఆయన నాటకాల కంపెనీలో వంతపాట పాడీది బాబూ. మద్రాసులో ఈ ప్లేటు ఇచ్చిన రోజు ఆయనకి గొంతు లేవలేదు. ఎవరికీ సెప్పొద్దని దాని సేత ఒట్టేయించుకున్నారు."

నరసింగరావు, జగన్నాధం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీ ప్లేట్లన్నిట్లో ఉన్నది ఆయన గొంతు బాబూ, మా తాయారు గొంతు ఇందులోనే ఉండీది."