ఎవరి తాలూకు?

"లే. ఇక్కడ గోడకి రంగు వేయాలి."

ముసలామె లేవలేదు. ఆకుపచ్చ దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. అంచులు ఎక్కడికక్కడ చిరిగిపోయిన దుప్పటి.

"చెవుడా?" అన్నాడు సూపర్‌వైజరు.

"వినబడింది నాయనా. సాయంత్రం దాకా ఓర్చుకో. లోపల మా తమ్ముడున్నాడు. ఇవాళో రేపో అన్నట్టుంది."

ప్రపంచ ప్రదర్శనకి వచ్చే అతిథుల బస్సులన్నీ ఈ ఆసుపత్రి ముందు నుంచే వెళ్తాయి. గోడలు మెరవాలి. కాలిబాట మీద అడ్డంగా మనిషన్నవాడు కనిపించకూడదు. రేపు పొద్దున్నే పెద్దసారు తనిఖీకి వస్తాడు.

ఆసుపత్రి గోడ పొడవునా దేశానికొక మనిషి బొమ్మ, చేయీ చేయీ పట్టుకుని. ఒక్క బొమ్మే మిగిలింది, సరిగ్గా ముసలామె వీపు వెనక.

"త్వరగా తేల్చండి సార్," అన్నాడు పెయింటరు, కుంచె చెవి మీద పెట్టుకుని. "గోడ మీద వాడు చెయ్యి చాపుకుని పొద్దుట్నుంచీ నిలబడ్డాడు. పట్టుకునే దిక్కులేదు."

సూపర్‌వైజరు నవ్వలేదు. నవ్వడం మానేసి ఏడాదైంది.

ఏడాది కిందట అతని భార్య ఈ ఆసుపత్రిలోనే పోయింది. అప్పుడతను దూరాన వంతెన పని మీద ఉన్నాడు. పెద్దసారు సెలవివ్వలేదు. పరుగున వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

"బాధపడకండి. వాళ్ళక్క ఆఖరిదాకా చేయి వదల్లేదు," అంది నర్సు. "తల కూడా ఆవిడే దువ్వింది."

చక్కగా అల్లిన జడ. దాని కొసకి కట్టిన గుడ్డముక్క విప్పి తెచ్చుకుని దాచుకున్నాడు.

ఆ అక్కతో, అంటే వదినతో, అతనికి పెళ్ళినాటి నుంచీ మాటల్లేవు. భార్యని కాటికి సాగనంపిన రోజున కూడా ఆవిడ ఓ మూల, అతనో మూల. కానీ ఆ చేయి వదలనందుకు లోలోపల ఆవిణ్ణి క్షమించాడు. ఈ లోకంలో అతను క్షమించింది ఆవిణ్ణొక్కదాన్నే.

"మీ తమ్ముడి పేరేంటి?" అని అడిగాడు ముసలామెని.

ఆమె తల దించుకుంది. "తెలీదు నాయనా. అతను మాట్లాడే స్థితిలో లేడు."

పెయింటరు పకపకా నవ్వాడు. "మొన్నేమో లోపల మా చెల్లి ఉందంది సార్. అటుమొన్న మా బావగారంది. ఈవిడకున్నంతమంది చుట్టాలు పెళ్ళిళ్ళలో కూడా కనబడరు."

"తోడబుట్టినవాడి పేరు తెలీదు. అబద్ధమైనా అతికినట్టు చెప్పడం రాదు," అన్నాడు సూపర్‌వైజరు. వ్యానుకేసి చెయ్యూపాడు.

"ఎక్కడికి నాయనా?"

"ఊరి బయటికి. ప్రదర్శన అయ్యేదాకా."

"పోనీ, ఒక్కసారి లోపలికెళ్ళి చెప్పి రానీ. మళ్ళీ వస్తానన్నాను. ఆ మాట అబద్ధమైపోతుంది."

"నీకు అబద్ధాలు కొత్తా?"

ఆమె దుప్పటి మడత పెట్టుకుంది. ఓ దువ్వెన, ఓ నీళ్ళ సీసా. అంతే సామాను. వ్యాను మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూసింది.

"నీకెవరున్నారు నాయనా?"

"నాకెవరూ అక్కర్లేదు."

"అందరూ అలాగే అంటారు," అంది ఆమె మెల్లగా. "ఆ పూట వచ్చేదాకా."

వ్యాను వెళ్ళిపోయింది. పెయింటరు చివరి బొమ్మ వేసి, చేతులు కలిపేశాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి ఆయా గేటు దాకా వచ్చి అటూ ఇటూ చూసింది.

"ఆ మూల మంచం ఆయన తాలూకు పెద్దావిడ ఇక్కడే ఉండాలే?"

"పంపించేశాం," అన్నాడు సూపర్‌వైజరు.

"అయ్యో. ఆయన చేత్తో పక్కంతా తడుముకుంటున్నాడండీ."

అతను గోడ మీద తడి రంగు వైపు తిరిగాడు. ఆయా లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి గుమ్మంలో వదిన కూర్చుని ఉంది, పక్కన సంచీతో.

"ప్రదర్శన చూద్దామని వచ్చాను మరిదీ," అంది ఎటో చూస్తూ. "నువ్వు పొమ్మంటే పోతాను."

"లోపలికి రా వదినా."

టీ పెట్టి తెచ్చాడు. గ్లాసు ఆవిడ ముందు పెట్టి, ఏడాదిగా గొంతులో దాచుకున్న మాట కష్టం మీద బయటికి తీశాడు.

"నీ రుణం ఈ జన్మకి తీర్చలేను. ఆఖరి గడియలో దాని చేయి పట్టుకుని కూర్చున్నావు."

ఆవిడ గ్లాసు దించేసింది.

"నేనెక్కడున్నాను మరిదీ? నాకు కబురు తెలిసేసరికే అంతా అయిపోయింది. దాని పక్కన నువ్వున్నావనుకున్నాను. అందుకే కదా నిన్ను క్షమించి, ఈ గడప తొక్కాను."

టీ మీద మీగడ కట్టింది.

"మరి ఆ రోజు నేను చూసిన జడ దానికి వేసిందెవరు?" అంది వదిన.

అతను లేచి బీరువా తెరిచాడు. భార్య బట్టల కింద, ఆ జడ కొస నుంచి విప్పి తెచ్చిన గుడ్డముక్కని ఇన్నాళ్ళకి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

దుప్పటి అంచు నుంచి చింపిన ఆకుపచ్చ పీలిక.