కార్వాన్ వ్యాపారి భార్య

"ఆవిడ పేరు చెప్పు స్రవ్యా. ఇక్కడున్నది మనం ముగ్గురమే. గది దాటి బయటికి పోదు."

రామచంద్రరావు గొంతు తగ్గించే అడిగాడు. స్రవ్య ఎదురుగా నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెప్పలేను సార్. మాటిచ్చిన."

పక్క కుర్చీలో ఉన్న రాగసుధ నిట్టూర్చింది. రాజనీతిశాస్త్ర విభాగానికి ఆవిడే హెడ్. ఉత్తమ పరిశోధన పురస్కారానికి విభాగం తరఫున ఒక పేరు రేపు పొద్దున్నకల్లా పంపాలి. అది వచ్చిన వాళ్లకి పీహెచ్‌డీ సీటు వచ్చినట్టే. ఎం.ఏ. విద్యార్థులు రాసిన వాటిలో స్రవ్యదే బాగుందని అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా ఒక్క పేజీ దగ్గరే.

పాతబస్తీలో ఓటు వెయ్యని ఆడవాళ్ల మీద స్రవ్య పరిశోధన. అందులో కార్వాన్‌కు చెందిన ఒక వ్యాపారి భార్య, డిగ్రీ చదువుకున్నావిడ, చెప్పిన మాటలున్నాయి.

"ఎవరికి వెయ్యాలో మావారు ముందురోజే చెప్తారు. ఆడవాళ్ల లైను వేరు కదా, ఆయన లోపలికి వెళ్లగానే నేను ఇంటికి వచ్చేస్తాను. మార్కర్ పెన్నుతో వేలి మీద గీత గీసుకుంటాను. పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస. నేను ఓటేస్తే ఆయనకి రెండు ఓట్లున్నట్టు. వెయ్యకపోతేనే నా ఓటు నా దగ్గర ఉన్నట్టు."

ఎంపిక కమిటీకి బయటి నుంచి వచ్చిన సభ్యుడు ఆ పేజీ చదివి, "బాగుంది. కానీ ఈ మనిషి ఉందంటారా?" అన్నాడు.

స్రవ్యకు గైడు రామచంద్రరావే. ఆయనకూ అదే అనుమానం. చదువుకున్న ఇళ్లలో ఆడవాళ్లు ఎవరి మాటా వినకుండా సొంతంగా ఓటేస్తారని ఆయన ఒక పుస్తకం రాశాడు. దానికే ఈ ఏడు ఉత్తమ అధ్యాపక పురస్కారం వచ్చింది. దండ వేసుకున్న ఆయన ఫొటో ఈమధ్యే విభాగం గోడకి ఎక్కింది.

"నిన్న కార్వాన్ వెళ్లాను," అన్నాడు. "బసవయ్య అని పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. అక్కడ ఆయనకి తెలియని గడప లేదు. ఏమన్నాడో తెలుసా? 'మా ఆడోళ్లు ఓటెయ్యద్దనుకుంటే ఇంట్లనే కూసుంటరు సారూ, గీ పెన్నుగీతల లొల్లి ఎందుకు?' అన్నాడు."

రాగసుధకు నవ్వొచ్చింది. స్రవ్య నవ్వలేదు.

"జాగ మార్చిన సార్. ఆమె భర్త చేసే పని గూడ మార్చిన, ఎవ్వరు గుర్తుపట్టొద్దని. మాటలు మాత్రం ఒక్కటి గూడ మార్చలే."

"బావుంది. కార్వానూ అబద్ధమే, వ్యాపారీ అబద్ధమే. మాటలొక్కటే నిజం!"

"గట్లనే రాయాలని మీరే నేర్పిన్రు గద సార్. మనల్ని నమ్మి చెప్పినోళ్ల పేరు ఏమైనా సరే బయట పెట్టొద్దని క్లాసుల చెప్పిన్రు."

రామచంద్రరావు ముఖం ఎర్రబడింది. అది ఆయన చెప్పిన మాటే.

రాగసుధ కలగజేసుకుంది. "రావుగారూ, గైడు మీరు. ఆ మనిషి ఉందని మీకు నమ్మకముంటే నేను ఈ అమ్మాయి పేరే పంపుతాను. మీ మాట చాలు నాకు."

ఆయన కుర్చీలో ముందుకి వంగాడు.

"ఆఖరుసారి అడుగుతున్నాను. పేరు వద్దు. ఫోన్‌లో ఒక్క నిమిషం మాట్లాడించు. గొంతు వింటే చాలు."

స్రవ్య ఉలిక్కిపడి ఆయన వంక చూసింది. ఏదో అనబోయి ఆగింది.

"వద్దు సార్. నా పేరు తీసెయ్యుండ్రి."

"నాకు నమ్మకం లేదు మేడమ్," అన్నాడాయన. "రెండో పేరు పంపండి."

రెండో పేరు విశాల్‌ది. స్రవ్య ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు రామచంద్రరావు. ఏడవలేదు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, చున్నీ నడుముకి చుట్టుకుని జల్‌పల్లి బస్సు వెనక పరుగెత్తుతూ కనిపించింది.

ఆయన ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. భార్య రాధ టీ తెచ్చిచ్చింది. యూనివర్సిటీ గొడవలు ఆయన ఎప్పుడూ ఇంట్లో చెప్పడు. ఆవేళ కడుపులో దాచుకోలేక మొత్తం చెప్పేశాడు.

"చాప్టర్లు పట్టుకుని మనింటికి వస్తుండేది, ఆ జల్‌పల్లి అమ్మాయేనా?" అడిగింది రాధ.

"ఆ అమ్మాయే. బుద్ధిమంతురాలనుకున్నాను. లేని మనిషిని పుట్టించింది."

"మీరు అంతలా అడిగినా పేరు చెప్పలేదా?"

"ఉంటే కదా చెప్పడానికి!"

"సీటు పోతుందని తెలిసీ?"

"తెలిసే."

రాధ కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా ఎదురుగా కూర్చోవడం ఆయనకి కొత్తగా అనిపించింది.

"ఆ రెండో అబ్బాయి పేరు పంపేశారా?"

"పొద్దున్నే పంపుతారు. ఎందుకు?"

"అయితే ఇప్పుడే రాగసుధగారికి ఫోన్ చెయ్యండి," అంది రాధ. "ఆ మనిషి నిజంగానే ఉంది, సంతోష్‌నగర్‌లో మా ఇంట్లోనే ఉంటుంది, పేరు రాధ అని చెప్పండి."