గుహ గోడ మీది పాట

వాగు పూడిపోయిన ఏడాది మైనా ఒక పాట కట్టింది. నెమలి ఆడుతుంటే జంతువులన్నీ ఆ పాట పాడుతూ పూడిక తీశాయి. మైనా చనిపోయాక అదంతా మరుగున పడిపోతుందని ముళ్లపందికి బెంగ పట్టుకుంది. అందరూ వచ్చిపోయే గుహలో, గోడ మీద ముల్లుతో బొమ్మలు గీయసాగింది.

"నా ఆట గీస్తే చాలు. బురద మోసినవాళ్లను ఎవరు చూస్తారు?" అంది నెమలి.

"వాళ్లు మోయకపోతే వాగెక్కడిది?" అంది ముళ్లపంది.

కప్ప దరువు గుర్తుచేసింది. ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో అడవిదున్న చెప్పింది. అన్నీ గోడకెక్కాయి.

వేసవిలో కొండ అవతలి జింకలు వచ్చి ఆ బొమ్మలు చూశాయి. కప్ప దగ్గర పాట నేర్చుకుని వెళ్లి, పూడిపోయిన తమ నీటి చెలమను బాగుచేసుకున్నాయి. మళ్లీ వచ్చి, "మా కథ కూడా ఇక్కడ గీయవచ్చా?" అని అడిగాయి.

తన బొమ్మకు ఆనుకుని నిలబడ్డ నెమలి పక్కకు జరిగింది.

"ఇక్కడ చోటుంది, రండి," అంది.