మొదటి పేజీ

"కళ్లు మూసుకుని గాలి పీల్చండమ్మా. ఇయ్యాల రీసెర్చ్ మాటెత్తొద్దు," అన్నారు జగన్నాధం మాస్టారు. పీహెచ్‌డీ విద్యార్థుల మనసులు తేలికపడాలని యూనివర్సిటీ వాళ్లు అందరినీ నెల్లిమర్ల దాటాక ఉన్న కొండ ఎక్కించారు.

ఆయన దగ్గరే నాలుగేళ్లుగా మొక్కల మీద పరిశోధన చేస్తున్న చరిత మాత్రం కళ్లు మూయలేదు.

"సార్, నా థీసిస్ మీకిచ్చి ఏడు నెల్లయిపోనాది. సూశారా?"

"రెండుసార్లు సదివేను. బాగున్నాది. సంతకం పెడతాన్లే."

చరితకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగడుగులు వేశాక ఆయన ఒక తీగ దగ్గర ఆగి, దాని ఊదారంగు పువ్వును ముచ్చటగా చూశారు.

"ఇదేటి పువ్వు? ఇన్నేళ్లలో ఎక్కడా సూడ్లేదే!"

చరిత నిలబడిపోయింది. ఈ కొండ మీద తప్ప దొరకని ఆ తీగ గురించే ఆమె థీసిస్ అంతా. మొదటి పేజీలోనే ఆ పువ్వు ఫొటో ఉంది.

"నీకు తెలుసేటమ్మా?" అని అడిగారాయన.

సంతకం ఇంకా పడలేదు.

"తెలీదు సార్," అంది చరిత.

"మరదే! ఎంతసేపూ పుస్తకాల్లో తల దూర్చేస్తే ఏటి తెలుస్తాది? అప్పుడప్పుడిలాగ కొండలెక్కాలమ్మా," అంటూ ఆయన ఆమె భుజం తట్టారు.