కొత్త కార్డు తినే కరెంటు

అరిత్‌కు అన్నిటికంటే భయం ఒక్కటే. కరెంటు లేనప్పుడు ఏడాదిన్నర కూతురు ఆకన్‌కు ఆయాసం రావడం, ఆవిరి మందు పట్టే మిషన్ పెడదామంటే ఇంట్లో బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉండడం.

అందుకే ఇన్వర్టర్ మీదున్న నాలుగు పచ్చ దీపాలను పొయ్యి మీద పాలకంటే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటుంది. ఆ మధ్యాహ్నం కూడా కలబార్ ఊళ్లో కరెంటు లేదు. మొగుడు ఎఫియోం గంట నుంచి కంప్యూటర్లో కార్ల పందెం ఆడుతున్నాడు. దీపాలు మాత్రం నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి.

అదే ఆమెకు నచ్చలేదు.

"లోపల ఏ కార్డు పెట్టావు?"

"కొత్తదే, ఆకన్ అమ్మా. ఆడట్లేదు, పోల్చి చూస్తున్నా. రేపు వీడియో పెట్టాలి. పాత గ్రాఫిక్స్ కార్డు చాలా, కొత్తది కొనాలా అని ఊరంతా నన్నే అడుగుతోంది."

"ఊరంతా అంటే నీ వీడియోలు చూసే ఆ పదకొండు మందేనా?"

"పన్నెండు. నిన్న ఒకడు చేరాడు."

ఆమె నవ్వలేదు. పిల్లను వీపున బిగించి కట్టుకుని ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లింది. పక్క గోడ మీద బొగ్గుతో గీసుకున్న లెక్క ఉంది. సోమవారం పాత కార్డు, గంటసేపు ఆట: ఒక దీపం ఆరింది. మంగళవారం కొత్త కార్డు, అదే ఆట, అదే రోడ్డు, అదే గంట: రెండు ఆరాయి.

"రెండూ ఒకటే కరెంటు తింటాయని డబ్బా మీద రాసుందిగా" అని మంగళవారం అతను బతిమాలాడు.

"డబ్బా మీద రాసినవాడింట్లో ఆయాసం పిల్ల లేదుగా."

"సెకనుకు పది బొమ్మలు ఎక్కువ చూపిస్తోంది. కారు ఎంత నున్నగా పోతోందో చూడు!"

"పాత గుడ్డకు కొత్త అంచు కుట్టారు. ఆ అంచుకు కూడా నన్నే కూడు పెట్టమంటున్నావు. ఈ కార్డు నా పిల్ల బ్యాటరీ ముట్టుకోడానికి వీల్లేదు."

అది మంగళవారం మాట. ఇవాళ గురువారం. అదే కార్డు, అదే ఆట, ఒక్క దీపమూ ఆరలేదు.

"మొన్న రెండు దీపాలు మింగింది. ఇవాళ ఉపవాసమా?"

"సెట్టింగులు మార్చాను."

"ఏం మార్చావు?"

"చెప్తే నీకు అర్థమవుతుందా?"

"అర్థం కాకపోతే వింటాను. చెప్పు."

అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు. పాత కార్డే పెట్టి కొత్తదని కోతలు కోస్తున్నాడా? ఆమె వంగి, కంప్యూటర్ పక్క అద్దంలోంచి చూసింది. వెండి రంగు స్టిక్కరు. కొత్తదే. అయినా పాతదైతే మాత్రం ఒక దీపమైనా ఆరాలిగా!

"దీపాలకేమైనా చేశావా?"

"పిల్ల మీద ఒట్టు, దీపాల జోలికి పోలేదు."

"ఒట్టు దీపాల వరకేనా?"

ఎఫియోం చెవులు కదిలాయి. అబద్ధం దాచినప్పుడు అతని చెవులు అలాగే కదులుతాయి.

అంతలో తెర నల్లబడింది. కంప్యూటర్ చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో! ఇంకో రెండు మలుపులే!" ఎఫియోం తల పట్టుకున్నాడు.

అరిత్ పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. ఇన్వర్టర్ వైపు చూసింది. నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి.

"మన బ్యాటరీ నిక్షేపంగా ఉంది" అంది నెమ్మదిగా. "మరి నీ కంప్యూటర్ ఎవరింట్లో తాగి పడిపోయింది?"

అతను లేచి అడ్డం రాబోయాడు. ఆమె అప్పటికే బల్లను లాగేసింది. కంప్యూటర్ తీగ గోడనున్న ప్లగ్గులోకి పోవడంలేదు. కిటికీ ఊచల మధ్యనుంచి పెరట్లోకి పోయింది. ఆమె దాని వెంటే బయటికి నడిచింది. అక్కడ ప్రహరీ మీదుగా పోతున్న ఒక ఎర్ర తీగకు నల్ల టేపుతో చుట్టి ఉంది.

"అరవకు, వీధి వింటుంది" అన్నాడు వెనకాలే వచ్చి. "చర్చి వాళ్ల సోలార్ తీగ అది. ఆదివారం దాకా వాళ్లకు దాంతో పనేముంది? ఉత్తినే పోతున్న కరెంటేగా!"

"దొంగతనం కాదా?"

"నీ కోసమే చేశానే! పిల్ల బ్యాటరీ ముట్టుకోవద్దన్నావు. ముట్టుకోలేదు. ఇంకేం కావాలి నీకు?"

అరిత్ నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. నిజమే, పిల్ల బ్యాటరీ నిండుగానే ఉంది. ఒక్క క్షణం ఆ మనిషి మీద జాలి కూడా కలిగింది. ఆ క్షణంలోనే ఆమె కళ్లు ఎర్ర తీగ వెంట పోయాయి. చర్చి వైపు కాదు, రెండో వైపు.

"చర్చి నుంచి వస్తోంది సరే. ఎటు పోతోందో చూశావా?"

"ఎటు పోతే ఏముంది? మైకులకో, రంగు దీపాలకో..."

"పోయిన ఆదివారం చర్చికి వచ్చి ఉంటే తెలిసేది నీకు!" వీపున పిల్లతోనే ఆమె గేటువైపు పరుగెత్తింది. "అందరం నిలబడి, మన గోడ మీదుగా పక్కింటి గదికి లాగించాం ఆ తీగ. మంచం పట్టిన ముసలావిడ మామా ఇన్యాంగ్ ఆక్సిజన్ మిషన్‌ది! నీ కంప్యూటర్‌తో పాటు అదీ ఆగిపోయి ఉంటుంది!"

చదివేవాళ్లూ, మీ గోడ మీదుగా పోయే తీగ ఎవరి మంచం దాకా పోతోందో చూసి, లేచి వెళ్లి ఆ తలుపు ఒక్కసారి తట్టి రండి.